మాల్సుక్ నీలం పెట్టె

తెల్లారి నాలుగింటికే మాకు గుల్లలు ఒలిచే పని.
తొంగ్‌యోంగ్ సముద్రం అప్పటికింకా నిద్ర లేవదు.
ఏడుగురం. ఏడు కత్తులు.
గులాబీరంగు రబ్బరు తొడుగుల్లో పద్నాలుగు చేతులు.
తొమ్మిదేళ్లు చీటీ కట్టాం.
ఆ డబ్బుతో ఎవరూ వాషింగ్ మెషీన్ కొనకూడదని
పిల్యే అందరిచేతా ఒట్టు వేయించింది.
విమానం ఎక్కాలి, ఆక్లండ్ చూడాలి.
ఆక్లండే ఎందుకంటే
ఆ నెల క్యాలెండరు మీద బొమ్మ అదే.

మరి ఇంగ్లిష్?
పుస్తకం కొన్నాం.
మాటలు బియ్యంలో రాళ్లలా,
ఏరడమే తప్ప నోట్లోకి ముద్ద పోదు.
రాత్రి బట్టీ పట్టింది
పొద్దున్న మొదటి గుల్ల నోరు తెరిచేలోపే గోవిందా.

అప్పుడు దొరికారు దొక్సు గారు.
చేపల ఓడలో ఇరవయ్యేళ్లు వంట చేసి
ఎన్నో రేవుల్లో ఉల్లిపాయలు బేరమాడిన మనిషి.
పలకా లేదు, బలపమూ లేదు.
బక్కెట్ బోర్లించి కూర్చుని
"మాల్సుక్ అని ఒకావిడ," అన్నారు.
"ఆవిడకో నీలం సూట్‌కేసు.
ఎయిర్‌పోర్టులో అది తప్పిపోయింది."

తప్పిపోతే?
కత్తులు ఆగాయి.
"వేర్ ఈజ్ మై బ్యాగ్?" అంది మాల్సుక్.
వేర్ ఈజ్ మై బ్యాగ్, అన్నాం ఏడుగురం,
మా పెట్టే పోయినంత కంగారుగా.

గురువారం గురువారం ఆవిడ్ని నానా అగచాట్లూ పెట్టేవారు.
ఎగ్జిట్ అనుకుని ఇంకో తలుపు తోసింది.
రిసీట్ పారేసుకుంది.
రైలు డిలే, ప్లాట్‌ఫారం మీద ఒక్కతే, వాన.
గుంజా ఏడ్చేసింది:
"ఆ పిచ్చిదానికి వేడిగా ఏమన్నా ఇప్పించండయ్యా!"
"నువ్వే అడుగు," అన్నారాయన.
కాఫీ అడుగుదామంటే మా నోట ఫ పలకదు,
ప అయి కూర్చుంటుంది.
సరే, కాపీయే తాగించాం.

మొగుడున్నాడా ఆవిడకి? అడిగాన్నేను.
"ఫారంలో కూడా అదే అడుగుతారు" అని
సింగిల్, మ్యారీడ్, విడో
మూడు మాటలు చెప్పారు.
మూడోది నాది.
ఇంత చిన్నదా, అనుకున్నాను.
ఆ వారమే సీట్లు కూడా చెప్పారు,
కిటికీ పక్కది విండో.
విడో, విండో.
మధ్యలో ఒక్క సున్నా.

విమానంలో నాకు దొరికింది విండో.
రాత్రంతా ఆ సున్నాలోంచి
చీకటి చూస్తూ కూర్చున్నాను.
కింద సముద్రం ఉందట.
ఎవరి షెడ్డుకి దగ్గరో.

ఆక్లండ్‌లో ఆఫీసరు
మొక్కజొన్న కంకి కొరికినట్టు గబగబా ఏదో అడిగాడు.
పేరే అయ్యుంటుందనుకుని
"మై నేమ్ ఈజ్ మాల్సుక్" అనేశాను.
పాస్‌పోర్టు చూశాడు. నన్ను చూశాడు.
మళ్లీ పాస్‌పోర్టు.
వెనకాల ఆరుగురూ
పడీ పడీ నవ్వుతున్నారు, సిగ్గులేని మనుషులు.
"సారీ. మాల్సుక్, స్టోరీ. ఐ, చోమ్‌సున్."
అతనేమనుకున్నాడో,
పెదవి ఒక పక్కకి లాగి పుస్తకం తిరిగిచ్చాడు.

అసలు తంటా బెల్టు దగ్గర.
ఒకరికి తెలీకుండా ఒకరం
అందరం నీలం పెట్టెలే కొన్నాం.
"నాట్ మైన్!" "నాట్ మైన్!"
గుంజా పెట్టె లాగితే పిల్యే ఎండు నెత్తళ్ల వాసన,
డిక్లేర్ చేయాలి అన్న పాఠం అప్పుడు గుర్తొచ్చింది.

ఏడూ దొరికాక
ఎనిమిదోది వచ్చింది.
నీలమే. ఓ మూల కాస్త చొట్ట.
ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది,
ఎవరూ చెయ్యి వేయలేదు.
మేం మాత్రం కదల్లేకపోయాం.

"పదండే," అంది పిల్యే చివరికి,
"ఏ ఎగ్జిట్ దగ్గర నిలబడిపోయిందో.
అడుక్కుంటూ వస్తుందిలే,
మాటలన్నీ వచ్చుగా దానికి."